రెండో రౌండ్ నాది

ఎడిసన్, న్యూజెర్సీ
జనవరి 18

అనూ,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. మన హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో రాజకీయాలు మాట్లాడకూడదని రేణు హుకుం జారీ చేసింది. ఫోన్‌లోనేమో మనిద్దరికీ నాలుగో మాటకే గొంతులు లేస్తున్నాయి. కాగితం మీదైతే ఒకరు చెప్పేది పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగక తప్పదు. నీ నోరు మూయించడానికి నాకు దొరికిన దారి ఇదొక్కటే.

గవర్నర్ హాల్‌స్టెడ్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తోంది కదా. ఆమెకు మన పార్టీ టికెట్ దక్కనే దక్కదని టీవీలో మేధావులంతా ఒకటే మాట. పార్టీలో సగం మంది ఆమెను నెత్తిన పెట్టుకుంటారు, మిగిలిన సగం ఆమె మొహం కనిపిస్తే చానల్ మార్చేస్తారు, అలాంటి మనిషి ఎట్లా గెలుస్తుందని. నేను మాత్రం గెలుస్తుందనే అంటున్నాను. అనడమే కాదు, ఆమె తరఫున డెలిగేట్‌గా దరఖాస్తు పెట్టాను. ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో పార్టీ మహాసభ జరుగుతుంది. ప్రతి రాష్ట్రం నుంచి వెళ్లిన డెలిగేట్లు అక్కడ ఓటేసి అభ్యర్థిని తేలుస్తారు. హన్మకొండ పిల్ల అమెరికా అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకోవడానికి పోతుందంటే మా ఆయన తేజేశ్వర్ ముందు నవ్వాడు, తర్వాత కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఎందుకు ఆమే అంటావా? నేను పనిచేసే ఫార్మసీకి ఒక పెద్దాయన వస్తాడు. మొన్న కౌంటర్ దగ్గర బీపీ మాత్రలు తీసుకుని ఇన్సులిన్ నావైపు నెట్టేశాడు. "ఇది వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు, చొక్కా ఏదో వాయిదా వేసుకున్నట్టు. హాల్‌స్టెడ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు తన రాష్ట్రంలో ఇన్సులిన్ ధర తగ్గించడానికి కంపెనీలన్నిటితో ఒంటరిగా కొట్లాడింది. సొంత పార్టీవాళ్లు వద్దన్నా వినలేదు. ఆ మొండితనం నాకు కావాలి.

ఇక నువ్వు తిట్టు.

నీ
త్రివేణి


ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 6

త్రివేణీ,

నీ ఉత్తరం చూసి మా ఆయన చక్రపాణి "ఎవరైనా పోయారా?" అని కంగారు పడ్డాడు. "లేదు, త్రివేణికి మతి పోయింది" అన్నాను.

డెలిగేట్‌గా వెళ్తానంటే సంతోషమే. కానీ వెళ్లి వెళ్లి ఆవిడ జెండా పట్టుకుంటావా? ఆరేళ్ల కిందట ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లో ఆవిడ ఏమందో నీకు గుర్తులేకపోవచ్చు, నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వీసాల మీద వచ్చినవాళ్లు మనం అద్దెకు తెచ్చుకున్న చేతులు. పనైపోయాక వాళ్లూ వాళ్ల పిల్లలూ సర్దుకుని వెళ్లాలి." అద్దె చేతులట! ఆ వాక్యానికి జనం చప్పట్లు కొట్టారు కూడా.

హెచ్1బీ వీసా మీద మేము ఎన్నేళ్లు ఈదామో నువ్వు చూశావు. చక్రపాణి ఉద్యోగం పోయినప్పుడు, ఇంకోటి దొరికేలోపు గడువు దాటిపోతుందేమోనని మేము సగం ఇల్లు అట్టపెట్టెల్లో పెట్టుకుని కూర్చున్నాం. మీకేమో నువ్వు మొదట్లో పనిచేసిన హాస్పిటల్ దయవల్ల గ్రీన్ కార్డ్ తొందరగా వచ్చింది. తప్పంటం లేదు, అదృష్టం అంటున్నాను.

పౌరసత్వం వచ్చాక నేను వేయబోయే మొదటి అధ్యక్ష ఎన్నిక ఇది. మార్చిలో మా ప్రైమరీ, పార్టీ టికెట్ ఎవరికివ్వాలో జనం ఓటేసే రోజు. నా ఓటు ఆవిడకు పోటీగా ఉన్న సెనేటర్ మెర్సర్‌కి. ఆయన చప్పగా ఉంటాడు, నిజమే. చప్పిడి కూడు తిని ఎవరూ చావరు.

ఇక మా పిల్లల సంగతి: మాయ హైస్కూల్ డిబేట్‌లో గెలిచింది. ధృవ్ టొరంటోలో హాయిగా ఉన్నాడు, ఉద్యోగంలో ప్రమోషన్ కూడా వచ్చింది. ఇక్కడికంటే అక్కడే బావుందంటాడు.

అనురాధ


ఎడిసన్
ఏప్రిల్ 3

అనూ,

నన్ను ఎంపిక చేశారు! జూన్‌లో ఇక్కడి ప్రైమరీలో ఆమెకు తగినన్ని ఓట్లొస్తే నేను మహాసభకు పోతాను. ముందు ఆ సంగతి చెప్పాలనుకున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది అంత బాగుండదు.

నువ్వు చెప్పిన ఆ మాటల వీడియో ఇప్పుడు మళ్లీ బయటికొచ్చింది. ఓక్ ట్రీ రోడ్‌లో మనవాళ్ల ఏ దుకాణానికి పోయినా అదే ముచ్చట. ఉగాది కార్యక్రమానికి ఏటా నేనే కదా వ్యాఖ్యానం చెప్పేది. ఈసారి మన తెలుగు సంఘం అధ్యక్షుడు జితేందర్ గారు ఇంటికొచ్చారు. టీ కూడా తాగలేదు. "త్రివేణమ్మా, నువ్వు స్టేజ్ ఎక్కితే కొందరు లేచిపోతమంటున్రు. ఈ ఒక్క ఏడు పక్కకు ఉండు" అన్నారు.

"వాళ్లు లేచిపోతే పోనియ్యండి, కుర్చీలు ఖాళీ అయితయి, నిలబడ్డోళ్లు కూసుంటరు" అన్నాను నేను.

కానీ ఆయన వయసుకు మర్యాదిచ్చి ఆగిపోయాను. ఆ రోజు పచ్చడి ఇంట్లోనే తిన్నాం.

ఆమె మాట తప్పే. నేను కాదనను. పిల్లల ముచ్చట ఉందని నాకు నీ ఉత్తరంతోనే తెలిసింది, అది మరీ తప్పు. అయితే ఒక్క మాట పెట్టి మనిషినంతా తూకం వేస్తామా? ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీకు గ్రీన్ కార్డ్ వచ్చింది, పౌరసత్వం వచ్చింది, ధృవ్ తనకు నచ్చిన యూనివర్సిటీని తనే ఏరుకుని కెనడా పోయాడు. గట్టెక్కినవాళ్లు మీరు. ఆ పాత మాట మీద నీకు ఇంకా ఇంత మంట ఎందుకే?

త్రివేణి


ఫ్రీమాంట్
ఏప్రిల్ 11

త్రివేణీ,

ధృవ్ ఏరుకుని వెళ్లలేదు.

మా వీసా మీద వచ్చినప్పుడు వాడికి సరిగా మాటలు కూడా రాలేదు. వాడి మొదటి ఇంగ్లిష్, మొదటి సైకిల్, ఊడిన మొదటి పన్ను అన్నీ ఈ ఊళ్లోనే. ఇరవై ఒకటి నిండితే పిల్లలు మన వీసా కింద ఉండడానికి వీల్లేదు. అప్పటికి గ్రీన్ కార్డ్ చేతికొస్తుందని లాయర్ ప్రతి ఏడూ చెబుతూ వచ్చాడు. వాడి పుట్టినరోజు వచ్చింది, కార్డ్ రాలేదు. స్టూడెంట్ వీసా కోసం ప్రయత్నించాం, తిరస్కరించారు. కాలేజీ మధ్యలో ఆపించి, తీసుకునేవాళ్లు ఉన్న చోటికి పంపాం. అది టొరంటో. మరుసటి ఏడాది మాకు కార్డులు వచ్చాయి, నాకూ చక్రపాణికీ. కవరు విప్పి ఆయన బల్లమీద పడేసి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు. మాయ ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఏ బాధా లేదు.

ఎయిర్‌పోర్ట్‌లో వాడు నన్ను కారు దిగనివ్వలేదు. "లోపలికి వద్దమ్మా, నేను ట్రిప్‌కి వెళ్తున్నట్టే వెళ్తా" అన్నాడు.

"ఫలానా వాళ్లబ్బాయిని వెళ్లగొట్టారట" అని నలుగురూ జాలిపడటం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే మంచి యూనివర్సిటీలో సీటొచ్చిందని చెప్పాను. నువ్వు స్వీట్లు కూడా పంపావు. అభిమానం అను, పొగరు అను, నీ ఇష్టం.

"వాళ్లూ వాళ్ల పిల్లలూ." ఆవిడ ఆ మాటన్న నెలలోనే వాడి గది తలుపు వేశాను. ఇప్పుడు తెలిసిందా మంట ఎందుకో?

ఇది నీ దగ్గరే ఉండాలి.

అనురాధ


ఎడిసన్
ఏప్రిల్ 19

అనూ,

నీ ఉత్తరం ఫార్మసీ వెనక గదిలో చదివాను. చాలాసేపు బయటికి రాలేకపోయాను.

నిన్ను ఓదార్చను. నీకు నచ్చదు. మీ ధృవ్ సంగతి ఎవరి దగ్గరా ఎత్తను. కానీ ఆ చట్టం సంగతి మాత్రం వదలను. మే నెలలో హాల్‌స్టెడ్ న్యూజెర్సీ వస్తోంది. ఆమె వెనక వేదిక మీద చీర కట్టుకుని నిలబడమని ప్రచారం వాళ్లు నన్ను అడిగారు. వీడియో గొడవ చల్లార్చడానికని నాకు తెలియదా? "నిలబడడం తర్వాత, ముందు ఆమెతో మాట్లాడాలి" అన్నాను. చూస్తామన్నారు.

త్రివేణి


ఫ్రీమాంట్
ఏప్రిల్ 27

త్రివేణీ,

నువ్వు పేరెత్తనంటావు. ఆవిడ "ఎవరా కుర్రాడు" అని అడిగితే నీ మొహం చెప్పేస్తుంది. నీకు అబద్ధం చేతకాదు, హాస్టల్ వార్డెన్‌కి కూడా తెలుసు.

నా కొడుకు ఎవరి ప్రచారానికీ సరుకు కాదు. వద్దు.

అనురాధ


ఎడిసన్
జూన్ 8

అనూ,

రెండు విశేషాలు. న్యూజెర్సీలో ఆమె గెలిచింది, నేను మహాసభకు పోతున్నాను. రెండోది చదివేముందు కూర్చో.

నువ్వు వద్దన్నాక నేను ఊరుకున్నాను. తర్వాత వారం టొరంటో నుంచి ఫోన్. "ఆంటీ, నేను ధృవ్‌ని. అమ్మ చెప్పింది, మీకు చెప్పానని. మీరు గవర్నర్‌ని మీట్ అవుతున్నారా?" అన్నాడు. అవునన్నాను. "నా పేరు చెప్పండి. ఫొటో కావాలంటే పంపిస్తా. ఐ యామ్ నాట్ అషేమ్డ్ ఆంటీ. అమ్మ నా కోసం సిగ్గు పడుతోంది, నాకేమో ఏ సిగ్గూ లేదు" అన్నాడు. అమ్మను అడిగావా అంటే, "నాకు ట్వంటీ సెవెన్. ఇది నా స్టోరీ" అన్నాడు. వాడి గొంతులో నువ్వే వినిపించావు. నేను ఏం చేయను చెప్పు?

మే నెలలో నెవార్క్ హోటల్లో మీటింగ్ ముందు ఆమె నాకు కాసేపు టైమిచ్చింది. టీవీలో కన్నా పొట్టి మనిషి. చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ధృవ్ సంగతి మొత్తం విన్నది. మధ్యలో అడ్డురాలేదు.

"దుర్మార్గమైన చట్టం" అన్నది. "కానీ ఇప్పుడు ఆ మాట నేనంటే, నాకోసం వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లిపోతారు. అన్న మాట వెనక్కి తీసుకోనని జనం నన్ను నమ్ముతారు."

"తప్పని తెలిసినా వెనక్కి తీసుకోకపోతే మా ఊళ్లో దాన్ని నమ్మకం అనరు" అన్నాను.

"ఏమంటారు?"

"మొండికేసిన ఎద్దు అంటారు."

గట్టిగా నవ్వింది. ఆ తర్వాత ముఖం మారింది. "మీరు నా డెలిగేటే కదా? మీ ఓటు నాదేగా?" అని అడిగింది.

"మొదటి రౌండ్ మీది. జూన్‌లో ఇక్కడి జనం మీకు ఓటేసి నన్ను పంపితే, ఆ మాట తప్పను. మెజారిటీ రాక రెండో రౌండ్ జరిగితే డెలిగేట్లు ఎవరికైనా వేయొచ్చు. రెండో రౌండ్ నాది."

వేదిక మీద నిలబడలేదు. చీర మాత్రం కట్టుకునే పోయాను, నా కోసం.

కోపమొస్తే ధృవ్ మీద కాదు, నా మీద తీర్చుకో.

త్రివేణి


ఫ్రీమాంట్
జులై 2

త్రివేణీ,

రెండు వారాలు నీ మీద కోపంగానే ఉన్నాను. వాడితో ఫోన్‌లో పోట్లాడాను. "నా పరువు తీశావు" అన్నాను. "అమ్మా, పరువు పోవాల్సింది నాదా, ఆ రూల్ రాసినవాళ్లదా?" అన్నాడు. పక్కనుంచి చక్రపాణి "వాడు చెప్పింది నిజమే అనూ" అని మళ్లీ పేపర్ చదువుకున్నాడు. ఆరేళ్లలో ఆయన ఈ విషయం మీద నోరు తెరవడం అదే మొదటిసారి.

సరే, పని మాట. ఆవిడకూ మెర్సర్‌కూ నడుమ తేడా తక్కువ, మూడోవాడు కూడా కొన్ని ఓట్లు పట్టుకుపోయాడు. మొదటి రౌండ్‌లో ఎవరికీ మెజారిటీ రాదని ఇక్కడ అందరూ అంటున్నారు. అంటే రెండో రౌండ్ ఉంటుంది. నువ్వొక్కదానివీ ఓటు ఆపితే ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. మనుషుల్ని కూడగట్టు. మా పక్క ఊరు డబ్లిన్‌లో, ఫ్రీమాంట్‌లో ఇలాంటి పిల్లలున్న ఇళ్లు ఎన్నో తెలుసా? అడగడం మొదలుపెట్టాక తెలిసింది. ఎవరికి వాళ్లం తలుపులేసుకుని కూర్చున్నాం. వాళ్లకి టెక్సాస్‌లో, జార్జియాలో చుట్టాలున్నారు. ఆ చుట్టాలు తమ ఊరి డెలిగేట్లకు ఫోన్లు చేస్తున్నారు.

గుర్తుంచుకో, నేను హాల్‌స్టెడ్‌కి సాయం చెయ్యడం లేదు. ఆవిడ మెడలు వంచడానికి సాయం చేస్తున్నాను.

అనురాధ


సెయింట్ లూయిస్
ఆగస్టు 20

అనూ,

నువ్వు టీవీలో చూసే ఉంటావు. చూపించనిది నేను రాస్తాను.

మొదటి రౌండ్‌లో మాటిచ్చినట్టే ఆమెకు వేశాను. మెజారిటీకి కొంచెం దూరంలో ఆగిపోయింది. హాలంతా తేనెతుట్టె కదిలించినట్టయింది. మీ వాళ్ల ఫోన్లు ఊరికే పోలేదు. టెక్సాస్ వాళ్లు, జార్జియా వాళ్లు మా కుర్చీల దగ్గరికొచ్చారు. అందరం ఒకటే చెప్పాం, ఆమె తన నోటితో బహిరంగంగా చెప్పాలి, లేకపోతే మా ఓటు లేదు.

ప్రచారం మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "మీవల్ల మెర్సర్ గెలుస్తాడు, ఇన్సులిన్ సంగతి ఆయన పట్టించుకుంటాడా?" అని నా ముఖం మీదే అడిగాడు. అనూ, ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. కౌంటర్ అవతల ఆ పెద్దాయన కనిపించాడు. నేను చేస్తున్నది తప్పేమో అనుకున్నాను. అయినా కుర్చీలోంచి కదల్లేదు.

చివరికి ఆమే వచ్చింది. చుట్టూ గార్డులు, కెమెరాలు. నా ముందు ఆగి, "ఆ అబ్బాయి పేరు మళ్లీ చెప్పండి" అన్నది. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది. అక్కడే మైకుల వైపు తిరిగింది.

"వీసాల మీద వచ్చినవాళ్లను అద్దె చేతులన్నాను. అది తప్పు. నేను మాట వెనక్కి తీసుకోవడం మీరెప్పుడూ చూసి ఉండరు, ఇప్పుడు చూడండి. ధృవ్ అనే అబ్బాయి ఇక్కడే పెరిగాడు. ఇరవై ఒకటో పుట్టినరోజు వచ్చిందని మనం వాడిని పంపించేశాం. నేను గెలిస్తే ఆ చట్టం మారుస్తాను. దీనికి ఓట్లు పోతే పోనీయండి."

పోయాయి కూడా. వెనక వరసల్లో ఆమెవాళ్లే కొందరు అరుచుకుంటూ బ్యాడ్జీలు పీకేశారు. రెండో రౌండ్ మొదలయ్యాక మా రాష్ట్రంలో ఒకాయన, ప్రతి డెలిగేటూ లేచి పైకి చెప్పాల్సిందేనని పట్టుబట్టాడు. నా పేరు పిలిచారు. లేచాను. "హాల్‌స్టెడ్" అన్నాను.

ఆమె గెలిచింది. బొటాబొటీగా, కానీ గెలిచింది. దక్కదన్న మేధావులు ఇప్పుడు ఎట్లా దక్కిందో వివరిస్తున్నారు.

పెద్ద ఉపన్యాసంలో మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను గమనించాను. నవంబర్ దాకా ఆమె వెంటపడటం నా పని.

జితేందర్ గారు ఫోన్ చేశారు. "వచ్చే ఉగాదికి మైక్ నీదేనమ్మా" అన్నారు. "ఆలోచించి చెప్తా" అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటే ఎట్లా?

త్రివేణి


ఫ్రీమాంట్
ఆగస్టు 27

త్రివేణీ,

ఆ రోజు మా ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. డబ్లిన్ నుంచి కూడా వచ్చారు, ఎవరెవరి పిల్లలు ఎక్కడున్నారో ఇప్పుడు ఒకరికొకరం తెలిసినవాళ్లం. మెర్సర్ మనిషిని నేనొక్కదాన్నే కాదు, సగం మంది ఆయనవాళ్లే. అయినా న్యూజెర్సీ వంతు వచ్చేసరికి అందరం టీవీ దగ్గరికి జరిగాం. నీ పేరు పిలవగానే నువ్వు లేచావు. ఇక్కడ చక్రపాణి కూడా లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. నువ్వు కూర్చున్నాక కూడా ఆయన కూర్చోలేదు.

ధృవ్ వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆవిడ వాడి పేరు చెప్పినప్పుడు "కరెక్ట్‌గా పలికింది కదమ్మా" అన్నాడు. అంతే. ఆవిడ చట్టం మార్చినా వాడికి పనికిరాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి ఉద్యోగం, వాడి స్నేహితులు అక్కడే. మా వీధి చివర ఇంట్లో అద్వైత్ అని ఒక కుర్రాడున్నాడు, వాడికి పంతొమ్మిది. వాళ్లమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమెకు పనికొస్తుందేమో.

నీతో ఒక మాట ఒప్పుకోవాలి. నువ్వు ఆవిడకు వేస్తావా, మానేస్తావా అని చూస్తున్నప్పుడు, వెయ్యకూడదని కోరుకున్నాను. ఆవిడ ఓడిపోతే నా కడుపు చల్లబడేది. కానీ నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టుకుని, రావాల్సిన మాట రాబట్టుకుని, ఆ తర్వాత నీ ఇష్టప్రకారం వేశావు. అది చూసి నా ఛాతీ ఉప్పొంగింది. పక్కనున్న వాళ్లందరికీ "అది నా రూమ్మేట్" అని చెప్పాను. తెలిసినవాళ్లకి కూడా మళ్లీ చెప్పాను.

హాల్‌స్టెడ్‌ని నేను ఇంకా నమ్మను. ఉపన్యాసంలో ఆ ఊసెత్తలేదని నేనూ గమనించాను. నవంబర్‌లో ఆవిడకు ఓటేస్తానా అని నన్ను అడగొద్దు. అధ్యక్ష ఎన్నికలో నా మొదటి ఓటు, నేనే తేల్చుకుంటాను.

నువ్వెప్పుడైనా ఎన్నికల్లో నిలబడితే మాత్రం అడగనక్కర్లేదు.

నీ
అనూ